గురవమ్మ దిబ్బ, గురవమ్మ కూతురు

అంకాలమ్మ కళ్ళ ముందే వాళ్ళమ్మ ఎముకలను తట్టలోకి ఎత్తారు. ఎత్తినవాళ్ళకు అవి ఎవరివో తెలియదు. ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నోరు విప్పలేకపోయింది.

ఇది జరిగింది సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక దిబ్బ మీద. ఆ పక్క ఊరి పేరు నేను రాయడం లేదు. మావాళ్ళ పేర్లు రాయడానికి వాళ్ళకు చోటు దొరకలేదు, వాళ్ళ ఊరి పేరుకు నేనెందుకు చోటివ్వాలి? దిబ్బ పేరు మాత్రం చెప్పక తప్పదు. గొడవంతా దాని గురించే. గురవమ్మ దిబ్బ అంటారు దాన్ని. చుట్టూ వరి మళ్ళు, వాటి అవతల రొయ్యల చెరువులు. ఆ చదును నేలలో నాలుగు తాటిచెట్లతో అదొక్కటే ఎత్తుగా కనిపిస్తుంది.

పాతకాలపు ఊళ్ళను తవ్వి చూసేవాళ్ళు రెండేండ్ల కిందట అక్కడికి వచ్చారు. దిబ్బ మీద మేకులు కొట్టి, దారాలు లాగి, చదరాలు చదరాలుగా తవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళకు కావలసింది అడుగున ఉంది. మూరెడు పొడవు ఇటుకలు, ఓడల్లో వచ్చిన జాడీల పెంకులు, ఎప్పటిదో రాజుల కాలం నాటి గోడ. పైన మాత్రం ఒక మనిషి అడ్డంగా ఉంది. ఎవరో ఈమధ్య పూడ్చిన శవమని తేల్చేశారు.

మా మంద అక్కడికి చేరింది సరిగ్గా అప్పుడే. మా మంద అన్నాను గానీ నాకు ఒక్క గొర్రె కూడా లేదు. కొమరోలు దగ్గర మా పల్లెలో మాది కూలి చేసుకునే క్రైస్తవుల ఇల్లు. నాకొక ట్రాలీ ఆటో ఉంది. నడవలేని గొర్రెపిల్లలను, వంట సామాను, మంద చుట్టూ కట్టే వలలను దాంట్లో వేసుకుని మంద వెనకాల పోతుంటాను. మంద గొర్రెల కాపరులది. అందులో అంకాలమ్మవి కొన్ని, ఆమె చిన్నాన్న కొడుకు నరసింహానివి కొన్ని, మిగతావి వాళ్ళ దాయాదులవి. అందరివీ కలిపి ఒకే మందగా తోలుతారు.

తవ్వకం చూసుకునే కుర్రవాడి పేరు జయపాల్. టోపీ పెట్టుకుని గుంటలో నుంచి పైకి వచ్చి మర్యాదగానే అడిగాడు.

"మీరు ఏటా ఇక్కడ ఒక రాత్రి మంద పెడతారట కదా. ఇక్కడ ఎవరినో పూడ్చారు. ఎవరినో మీకేమైనా తెలుసా?"

నరసింహం తల అడ్డంగా ఊపాడు. జయపాల్ అంకాలమ్మ వైపు తిరిగాడు.

"మీకు తెలుసా పెద్దమ్మా?"

"మాకు తెల్దు సార్" అంది అంకాలమ్మ.

గుంటలో పని చేస్తున్న కూలి మనిషి, ఆ ఊరి జీవరత్నం, ఎముకలను మట్టితో సహా తట్టలోకి ఎత్తి పక్కన మట్టికుప్ప మీద పోసింది. అంకాలమ్మ చేతిలో కర్ర పట్టుకుని అటే చూస్తూ నిలబడింది. ఆ సాయంత్రం దిబ్బ మీద మంద పెట్టనివ్వలేదు. పక్క మడిలో పెట్టుకున్నారు. ఆమె అన్నం తినలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని నేను మజ్జిగ ఇస్తే తాగకుండా కుక్కకు పోసింది.

అసలు సంగతి నాకు తెలిసింది తొలకరి పడి మంద ఇంటికి తిరిగొచ్చాక. ఊరి బయట దొడ్డి వాకిట్లో గొర్రెలన్నీ ఆగాయి. కంప తీసి లోపలికి తోలే ముందు అంకాలమ్మ అడ్డంగా నిలబడి, పడమటి కొండలకు వినపడేంత గట్టిగా "గురవమ్మా, ఇంటికి రా" అని పిలిచింది. తర్వాత పక్కకు జరిగింది. గొర్రెలు లోపలికి పోయాయి. ఏటా పిలుస్తుందట. ఎప్పుడూ సామాను దింపి నా దారిన నేను పోయేవాణ్ణి కాబట్టి నేనెప్పుడూ వినలేదు.

"అవ్వా, ఆ దిబ్బ పేరు గూడా గురవమ్మ దిబ్బే గదా" అన్నాను.

"దిబ్బ పేరు కాదురా తిమోతీ అది. మా అమ్మ పేరు" అంది.

వాళ్ళకొక కట్టడి ఉంది. మందతో పోయినప్పుడు దారిలో ఎవరైనా చనిపోతే ఊరికి మోసుకురాలేరు, అక్కడే పూడ్చిపెడతారు. ఆ తర్వాత ఏటా ఆ దారిన పోయినప్పుడు ఒక రాత్రి ఆ చోటనే మంద పెడతారు. కానీ మంద ఇల్లు చేరేదాకా ఆ మనిషి పేరు పలకరు. ఎవరడిగినా చెప్పరు. పలికితే పిలిచినట్టేనట. పిలిస్తే లేచి మంద వెంట నడుస్తారట. చనిపోయినవాళ్ళు నడిచిన మందలో గొర్రెపిల్ల నిలవదని వాళ్ళ నమ్మకం. అందుకే ఇంటి దొడ్డి దగ్గరికి వచ్చాక మాత్రమే, రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తారు. ఇలాంటిది ఉందని జయపాల్‌కు ఏ పుస్తకంలో దొరుకుతుంది? నాకు దొరికిన పుస్తకాలన్నీ చదివాను. గ్రంథాలయంలో అట్టలు ఊడినవి, మార్కాపురంలో పాత పేపర్ల దుకాణంలో తూకానికి అమ్మేవి. రాజులు ఏ ఏడు ఏ గుడి కట్టించారో అన్నిటిలోనూ ఉంది. ఆ దారుల్లో నడిచి చచ్చినవాళ్ళు ఒక్కదాంట్లోనూ లేరు.

ఆ రోజు దొడ్డి దగ్గర కంప సర్దుతూ ఆమె చెప్పింది ఇది.

అప్పుడు ఆమెకు ఆరేడేండ్లు. మా పడమటి మండలాల్లో ఎండాకాలం గడ్డి ఉండదు. తీరంలో వరి కోతలయ్యాక మళ్ళు ఖాళీగా ఉంటాయి. గొర్రెలకు మేత, వాళ్ళ పొలాలకు ఎరువు. అందుకని గిద్దలూరు, కంభం, కొనకనమిట్ల, పొదిలి మీదుగా నడుచుకుంటూ తూర్పుకు పోయేవాళ్ళు. ఆ యేడు ఆ ఊరి దగ్గర కాలవ నీళ్ళు తాగి గురవమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మడి ఇచ్చిన రైతు వచ్చి చూసి, ఇది అంటుకునే జబ్బు, మా మళ్ళలో ఉండొద్దు అన్నాడు. ఊళ్ళోకి రానివ్వలేదు. భర్త ఆమెను భుజాన వేసుకుని పోయి దిబ్బ మీద తాటిచెట్టు నీడలో పడుకోబెట్టాడు. ఆ దిబ్బ ఎవరిదీ కాదు, అడ్డు చెప్పేవాడు లేడు.

"బండి కోసం మా నాయన ఊరి మొదటికి పోయి అరిచినాడు. ఎవురూ రాలే. తిరిగొచ్చి అమ్మ పక్కన కూచోని పిలుస్తా ఉన్నాడు. గురవమ్మా, గురవమ్మా, కండ్లు మూయబాక, నన్ను చూడు అని. పొద్దు నడినెత్తికి వచ్చి వాలేదాకా పిలిచినాడు. మళ్ళల్లో వాళ్ళు పని జేసుకుంటానే విన్నారు. పిల్లోళ్ళు గట్ల మీద నిలబడి విన్నారు. ఒక్కసారిగా మా నాయన పిలిచేది ఆపినాడు. అప్పుడు నాకు తెలిసింది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయన ఆడ ఎప్పుడూ ఆ పేరు పలకలే. పలకగూడదు గదా. కానీ ఊరోళ్ళ చెవుల్లో పడింది పోతాదా? వాళ్ళే అంటించినారు దిబ్బకు. మా నోట్లో నుంచి పోయి వాళ్ళ నోట్లో ఉండాది ఇన్నేండ్లు."

ఆ ఊరివాళ్ళు పేరు పెట్టింది ప్రేమతో కాదు, భయంతో. జబ్బుతో చచ్చిన మనిషి అక్కడుందని పిల్లలను పోనిచ్చేవాళ్ళు కాదు. ఆ చుట్టుపక్కల అలాంటి దిబ్బలు ఇంకా ఉండేవట. రైతులు పొలాలకు ఎరువుగా చల్లే పాటిమట్టి కోసం, ఇటుకల కోసం వాటిని తవ్వుకుపోయారు. మిగిలినవాటిని రొయ్యల చెరువులు తవ్వినప్పుడు చదును చేశారు. గురవమ్మ దిబ్బ మీద మాత్రం ఎవరూ గడ్డపార వేయలేదు. అరవై ఏండ్లు ఆ రాజుల గోడకు కాపలా ఉన్నది అంకాలమ్మ తల్లి శవం. తవ్వకం మొదలుపెట్టి వాళ్ళు మొదట తీసి పారేసింది ఆమెనే.

అంకాలమ్మ ఎలాంటి మనిషో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆమె నోరు మంచిది కాదని మా పల్లెలో అందరూ అంటారు. నిజమే. తల్లి పోయాక తండ్రి వెంట గాడిద మీద కూచుని పెరిగింది. బడి మొహం చూడలేదు. పెండ్లయింది. మొగుడు మంచివాడు, తొందరగా పోయాడు. కొడుకు రమేష్ ఈ తిరుగుడు నాకొద్దని మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేరాడు. వచ్చి మాతో ఉండమంటే, "నీ పలకల మీద నడిస్తే నా కాళ్ళు జారతాయి పోరా" అంది.

గొర్రెల సంతలో బేరం నోటితో జరగదు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. పక్కవాడికి తెలియకూడదని. ఆడవాళ్ళ చేతులు పట్టుకుని బేరం చేయరు కాబట్టి ఆమె గొర్రెలకు ఎప్పుడూ నరసింహమే చేయి ఇచ్చేవాడు. ఒకసారి గిద్దలూరులో అంకాలమ్మ ఇద్దరి చేతుల మీది తువ్వాలును లాగి పారేసింది.

"నా గొర్రె ఇది. దాని రేటు నాకు కనపడకుండా మీరిద్దరూ వేళ్ళు పిసుక్కుంటారేంది? నోటితో చెప్పు."

దళారి నవ్వాడు. "అట్ల చెప్తే సంతంతా వింటాదమ్మా."

"వినాలనే చెప్పమంటాండా."

ఆ రోజు ఆమె గొర్రెను ఎవరూ కొనలేదు. తిరిగి తోలుకొచ్చింది. మరుసటి వారం మళ్ళీ తోలుకుపోయింది. ఆమె గొర్రెలకు నోటితోనే బేరం చేయడం ఇప్పుడు గిద్దలూరు సంతలో అలవాటయింది.

అలాంటి మనిషి దిబ్బ దగ్గర "మాకు తెల్దు సార్" అని వచ్చింది. అది ఆమెను లోపల తినేసింది. దసరా దాటాక ఒక రోజు నరసింహాన్ని దొడ్డి దగ్గరికి పిలిపించి చెప్పేసింది.

"ఈ ఏడు పోయినప్పుడు ఆడనే పలుకుతా."

నరసింహం కింద కూచున్నాడు. అతను చెడ్డవాడు కాదు. మందకంతా పెద్ద. అందరి బతుకూ తన మెడకు చుట్టుకుని ఉందనే భయం ఉన్నవాడు.

"అక్కా, నువ్వు పలికితే నీ ఒక్కదాని గొర్రెలకు కాదు. అందరియీ కలిసి ఉండాయి. రేపు పారుడు రోగం వచ్చి గొర్రెపిల్లలు పోతే ఎవురు మోస్తారు మాట?"

"నేను మోస్తా."

"మాట మోస్తే గొర్రెలు లేస్తాయా?"

"మా అమ్మ ఎముకల్ని ఎత్తి పోస్తా ఉంటే నువ్వూ చూసినావు, నేనూ చూసినా. తెల్దు అన్నాం. నువ్వు తల ఊపినావు, నేను నోటితో అన్నా. నాదే పెద్ద తప్పు. ఇంగ ఆపు."

"పెద్దోళ్ళు పెట్టిన కట్టడి అది."

"పెద్దోళ్ళు పెట్టిండేది, చచ్చినోళ్ళు ఆడ పండుకోని ఉంటే లేపగూడదని. మా అమ్మ పండుకోని ఉండాదా ఆడ? నువ్వు లేపితే లేస్తాది అని నాకు చెప్తావేందిరా, లేపి యాడనో పారేసినాక?"

నరసింహం "నువ్వు పలికితే నీ గొర్రెల్ని ఆడనే చీలుస్తా. తర్వాత నన్ను అనొద్దు" అని లేచిపోయాడు. మందలో నుంచి చీల్చడమంటే మా దగ్గర వెలివేసినట్టే. ముసలి మనిషి ఒక్కతే కొన్ని గొర్రెలను అంత దూరం తోలుకుపోవడం మాటలు కాదు. దారిలో దొంగలు, లారీలు, కుక్కలు. ఆమెకు ఇవన్నీ తెలుసు.

సంక్రాంతి వెళ్ళాక బయలుదేరాం. దారి పొడుగునా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేవాళ్ళు. "మీ మామతో చెప్పు, ముందర కుంటి గొర్రె ఉండాదని." "మీ అవ్వతో చెప్పు, నాకు కండ్లు ఉండాయని." పొదిలి దాటేసరికి నాకు విసుగొచ్చి ఇద్దరికీ సమాధానం చెప్పడం మానేశాను.

దిబ్బ మారిపోయింది. చుట్టూ ఇనుప కంచె, ముందర గేటు, గేటు పక్కన నీలం రంగు బోర్డు. లోపల జయపాల్ చేతిలో మైకు పట్టుకుని కాలేజీ పిల్లలకు ఏదో చెబుతున్నాడు. నేను ఆటో పక్కన ఆపి దిగాను. మంద కంచె బయట ఆగింది.

"తిమోతీ, ఏమని రాసినార్రా దాని మీద? చదువు" అంది అంకాలమ్మ.

చదివాను. పూర్వం ఇక్కడ గొప్ప రేవు ఉండేదని, గురవమ్మ అనే వర్తకుని భార్య ఓడ ఎక్కిపోయిన భర్త కోసం ఈ దిబ్బ మీద నిలబడి ఎదురుచూసేదని, ఓడ మునిగిందని తెలిసి ఇక్కడే ప్రాణాలు విడిచిందని, ఆ మహా పతివ్రత పేరు మీదనే దిబ్బకు ఈ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారని అందంగా రాశారు. కథలో ఓడ ఉంది, సముద్రం ఉంది, పతివ్రత ఉంది. ఇక చూడడానికి వచ్చినవాళ్ళకు ఏం కావాలి? వాంతులు, విరేచనాలతో చచ్చిన గొర్రెల మనిషిని బోర్డు ఎక్కిస్తే ఎవరు ఫోటో దిగుతారు?

అంకాలమ్మ మొత్తం విన్నది. "ఎదురుచూసిందంట" అని మెల్లగా అంది. "బండి కోసం చూసింది. ఓడ కోసం కాదు."

గేటు తోసుకుని లోపలికి నడిచింది. కాపలా మనిషి "ఏయ్, ఎక్కడికి? టికెట్ తీసుకోవాలి" అంటూ వెంటపడ్డాడు. ఆమె ఆగలేదు. కాలేజీ పిల్లల మధ్యలోకి వెళ్ళి నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. నరసింహం గేటు దగ్గరే ఆగిపోయాడు.

"అబ్బయ్యా, ఆ బోర్డు మీద కత నీకెవురు చెప్పినారు?"

జయపాల్ ఆమెను గుర్తుపట్టాడు. "ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పారమ్మా."

"వాళ్ళకెవురు చెప్పినారు?"

పిల్లల్లో ఒకడు పకపక నవ్వాడు. మరొకడు సెల్‌ఫోన్ తీశాడు.

"వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పి ఉంటారు. జనంలో ఉన్న కథ ఇది."

"గురవమ్మ మా అమ్మ. మాది కొమరోలు పక్క. మా నాయన ఓడ చూసిండేవాడే కాదు. గొర్రెల్ని తోలుకోనొచ్చినాడు. మా అమ్మకు జబ్బు చేస్తే ఈ ఊరోళ్ళు బండి ఇయ్యలే. ఆ తాటిచెట్టు కింద చచ్చిపోయింది."

గేటు దగ్గర నుంచి నరసింహం గొంతు వచ్చింది. "అక్కా, ఆగు. ఇంతటితో ఆపు."

"నువ్వే ఆగు." వెనక్కి తిరగకుండానే అంది.

"నిరుడు నేను అడిగితే తెలియదన్నారు కదమ్మా" అన్నాడు జయపాల్. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"అన్నా. మంద ఇల్లు చేరేదాకా మేము ఆ పేరు పలకగూడదు. అందుకని అన్నా. ఇప్పుడు పలుకుతాండా. గురవమ్మ. మా అమ్మ పేరు గురవమ్మ."

కంచె బయట నిలబడ్డ కాపరులు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకడు చెవులు మూసుకున్నాడు. ఆ చుట్టుపక్కల అందరూ రోజూ పలికే పేరే అది. ఆటోలవాళ్ళు, బస్సు కండక్టర్లు, చేపలమ్మేవాళ్ళు పలుకుతారు. ఆమె పలికితే మాత్రం అలా అయింది.

"దీనికి ఏదైనా ఆధారం ఉందా అమ్మా?" అన్నాడు జయపాల్.

"తట్టకెత్తి పారబోసినారు గదా ఆధారం."

అతను మైకు కిందికి దించి, ఈ రాత తానొక్కడే నిర్ణయించింది కాదని, పైవాళ్ళు ఒప్పుకున్నాక వేసిన బోర్డని, మీరు చెప్పింది కూడా వాళ్ళకు తెలియజేస్తానని అన్నాడు. తెలియజేసే ఉంటాడు. ఈ దేశంలో తెలియజేయనిది ఏముంది గనక. తర్వాత మైకు ఎత్తుకుని, పిల్లలను ఇటుక గోడ దగ్గరికి పిలుచుకుపోయాడు. నవ్విన కుర్రవాడు వెళ్తూ వెళ్తూ బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగాడు.

"ఆ మట్టి ఏం జేసినారు?" అంది అంకాలమ్మ, ఎవరూ లేని వైపు చూస్తూ.

జవాబు చెప్పింది జీవరత్నం. తవ్వకం అయ్యాక ఆమెను అక్కడే ఊడ్చే పనికి పెట్టుకున్నారు. చీపురు గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది.

"ట్రాక్టర్లు పెట్టి తోలారండి. రొయ్యల చెరువులకి వెళ్ళే రోడ్డు గుంటలు పడితే అందులో పోశారు." చేతులు కొంగుకు తుడుచుకుని మళ్ళీ అంది. "నాకు తెలీదండి మీ అమ్మగారని. మా నాన్న చిన్నప్పుడు ఈ గట్టు మీద నిలబడి విన్నాడంట, ఎవరో మగమనిషి పొద్దస్తమానం ఆ పేరు పెట్టి పిలవటం. దెయ్యమని చెప్పి మమ్మల్ని బెదిరించేవాడు."

"మీ నాయన ఉండాడా?"

"పోయాడండి."

"ఉండింటే ఆయన్ను తెచ్చి నిలబెట్టిందును ఈడ" అంది అంకాలమ్మ. జీవరత్నం చేయి పట్టుకుని కొంచెంసేపు ఉండి వదిలేసింది.

రోడ్డు దగ్గరికి తీసుకుపొమ్మంటే తీసుకుపోయాను. రెండు చెరువుల మధ్య ఎత్తుగా వేసిన మట్టి రోడ్డు. ఐసు పెట్టెల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆమె రోడ్డు పక్కన చతికిలబడి, మట్టిలో నుంచి ఒక కుండపెంకు ఏరి, చూసి, పారేసింది. తర్వాత నా మొహం చూసి అంది.

"మీ దేవుడు మూడో దినానికి లేచినాడంట గదరా. మా అమ్మ అరవై ఏండ్లకు లేచింది. లేచినాక ఆయన ఆకాశానికి పోయినాడు, ఈమెను రోడ్డుకేసినారు."

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది.

తిరిగి వచ్చేసరికి నరసింహం అన్నంత పనీ చేస్తున్నాడు. అంకాలమ్మ గొర్రెల వీపున జాజు పూసి ఉంటుంది, గుర్తు కోసం. మధ్యాహ్నపు ఎండలో నలుగురు మనుషులు ఎర్ర గుర్తు ఉన్నవాటిని ఏరి పక్కకు తోలుతున్నారు. తోలినవి తోలినట్టే తిరిగొచ్చి మందలో దూరుతున్నాయి. పుట్టినప్పటి నుంచి కలిసి మేసినవి, వాటికేం తెలుసు. ఒక పొట్టేలును నరసింహం కొమ్ములు పట్టి లాగితే అది అతన్ని కాలవలోకి లాగింది.

"కాళ్ళు పట్టుకోరా, కొమ్ములు పట్టుకుంటే యాడ వస్తాది" అని గట్టు మీద నుంచి అరిచి చెప్పింది అంకాలమ్మ. చివరికి తానే దిగి పొట్టేలును బయటికి తోలింది. తన గొర్రెలను తానే చీల్చుకుంది. తడిసిన బట్టలతో నరసింహం ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడన్నా తప్పయిందని ఒక్క మాట అను అక్కా. కలిపేస్తా."

"ఏం తప్పు? మా అమ్మకు పేరుండడమా?"

అతను కండ్లు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలంలో నిజంగానే పారుడు వచ్చింది. నరసింహం మందలో పిల్లలు పోయాయి. అంకాలమ్మవీ పోయాయి. టీకాలు ఆలస్యంగా వేశారని కంభంలో పశువుల డాక్టరు చెప్పాడు. ఎవరూ వినలేదు. తొలకరికి ఆమె ఒక్కతే తన గొర్రెలను తోలుకుని ఇల్లు చేరింది. మా పల్లెలో ఆమె బోరు దగ్గరికి వస్తే బిందెలు ఎత్తుకుని పక్కకు జరిగేవాళ్ళు. పెద్ద దొడ్డిలోకి ఆమె గొర్రెలను రానివ్వలేదు. అడవి వైపు వేరే కంప దొడ్డి కట్టుకుంది. రమేష్ వచ్చి, గొర్రెలను అమ్మేసి తనతో రమ్మని బతిమాలాడు. ఒక్క పూట నరసింహం ఇంటికి పోయి తప్పయిందని అంటే అన్నీ సర్దుకుంటాయని కూడా చెప్పాడు. కొడుక్కు అన్నం పెట్టి, మార్కాపురం బస్సు ఎక్కించి వచ్చింది.

బోర్డు అలాగే ఉంది. ఇప్పుడు దాని కింద చిన్న అక్షరాలతో, పేరు గురించి వేరే కథనాలు కూడా ఉన్నాయని ఒక ముక్క చేర్చారట. ఆ వేరే కథనానికి కొమరోలులో గొర్రెలు ఉన్నాయని, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయని వాళ్ళు రాయలేదు.

ఆమెను నేను ఆఖరుసారి చూసింది ఈ సంక్రాంతి వెళ్ళిన వారానికి, కొమరోలు బస్టాండు ఎదురుగా పశువుల మందుల దుకాణం దగ్గర. టీకా మందు కొనుక్కుని తడిగుడ్డలో చుట్టుకుంటోంది. మిగిలిన గొర్రెలు రోడ్డవతల తుమ్మల కింద నిలబడి ఉన్నాయి. వీపుల మీద కొత్తగా జాజు పూసింది. నా ఆటోను ఈ ఏడు కూడా నరసింహమే మాట్లాడుకున్నాడు. ఆ మాట చెప్పలేక చెప్పాను.

"తెలుసులేరా. నీ బతుకు నువ్వు చూసుకోవాల గదా."

"ఒక్కదానివే ఎట్ల పోతావవ్వా? పోయినా ఇంగ ఆ దిబ్బ మీద మంద పెట్టనీరు."

"దిబ్బ మీద నాకేం పని? వాళ్ళ ఇటికెలు, వాళ్ళ గోడ వాళ్ళే చూసుకోనీ. నేను ఆ రొయ్యల రోడ్డు మీద పెడతా మంద, ఈ పక్క నుంచి ఆ పక్కకు. లారీలు ఆగుతాయి గదా. ఆగినోడల్లా దిగొచ్చి అడుగుతాడు, ఏందమ్మా రోడ్డు మీద గొర్రెల్ని పెట్టినావు, ఈ రోడ్డేమన్నా మీ అమ్మదా అని. అవును నాయనా, మా అమ్మదే, ఆయమ్మ పేరు గురవమ్మ అని చెప్తా. తెల్లారేదాకా ఎంతమంది వస్తే అంతమందికీ చెప్తా."